అబిడ్స్‌కి ఆ పేరు ఎలా వచ్చింది? పడిపోయిన బజారుని మళ్ళీ లేపగలమా?

ఈ రోజు ఎపిసోడ్ రాజుల గురించి కాదు, యుద్ధాల గురించి కాదు. ఒక బజారు గురించి. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న అబిడ్స్, కోఠి, సుల్తాన్ బజార్, మొజంజాహీ మార్కెట్, ఈ నాలుగింటినీ కలిపి ఒకే బజారు అనుకోండి. ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిచే వెళ్ళొచ్చు.

మీలో చాలామంది అక్కడికి ఎప్పుడు వెళ్ళుంటారు? ఫోన్ స్క్రీన్ పగిలితే జగదీశ్ మార్కెట్‌కి. ఎంట్రన్స్ పరీక్ష పుస్తకాలు సగం ధరకి కావాలంటే కోఠికి. అంతే కదా? కానీ మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి చూడండి. "పెళ్ళి బట్టలు ఎక్కడ కొన్నారు?" అంటే చాలామంది చెప్పే పేరు ఇదే. జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చి, పొద్దంతా తిరిగి, సామాన్లు మోసుకుంటూ రాత్రి బస్సుకి వెళ్ళిపోయేవాళ్ళు.

మరి అంత పెద్ద బజారు ఎందుకు డల్ అయిపోయింది? దాన్ని మళ్ళీ లేపాలని ఏం చేశారు? అందులో ఏది పని చేసింది, ఏది చేయలేదు? ఈ మూడు ప్రశ్నలకీ సమాధానం కావాలంటే ముందు ఆ బజారు అక్కడే ఎందుకు పుట్టిందో తెలియాలి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

కోట లోపల కాదు, ఏటి అవతల

పాత హైదరాబాద్‌లో వ్యాపారం అంటే చార్మినార్ చుట్టూనే. మూసీకి దక్షిణాన. మరి ఏటికి ఉత్తరాన ఇంకో బజారు ఎందుకు లేచింది?

దానికి కారణం బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దగ్గర ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున ఉండే పెద్ద ఆఫీసర్‌ని రెసిడెంట్ అనేవాళ్ళు. 1800ల మొదట్లో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంట్ కోఠిలో ఒక పెద్ద భవనం కట్టించాడు. హైదరాబాదీ అమ్మాయి ఖైరున్నీసాని పెళ్ళి చేసుకున్నది ఈయనే. ఆ భవనం ఇప్పటికీ ఉంది. మనం కోఠి ఉమెన్స్ కాలేజ్ అంటాం చూడండి, ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం, అదే.

రెసిడెంట్ ఉన్నాడంటే చుట్టూ సైన్యం, గుమాస్తాలు, నౌకర్లు, అతిథులు ఉంటారు. వాళ్ళందరికీ సరుకులు కావాలి, అప్పులు కావాలి. షావుకార్లు వచ్చి చేరారు. అలా మొదలైంది రెసిడెన్సీ బజార్. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఏంటంటే, ఆ బజారు నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా దాని మీద అధికారం రెసిడెన్సీది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగింది కదా, అప్పుడు వాళ్ళు మాటు వేసింది ఎక్కడో తెలుసా? రెసిడెన్సీ గోడకి ఎదురుగా ఉన్న ఇద్దరు షావుకార్ల ఇళ్ళల్లో. అంటే అప్పటికే అక్కడ వ్యాపారులు మేడలు కట్టుకుని స్థిరపడ్డారన్నమాట.

ఈ అధికారం తేడా వల్ల ఇంకో మేలు జరిగింది. నిజాం రాజ్యంలో సభలు పెట్టాలన్నా, సంఘాలు నడపాలన్నా ఆంక్షలు ఉండేవి. రెసిడెన్సీ బజార్లో కాస్త ఊపిరి ఆడేది. 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది అక్కడే. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటివాళ్ళు కలిసి పెట్టిన లైబ్రరీ అది. మొదట రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే నడిచింది. ఉర్దూ రాజభాషగా ఉన్న ఊళ్ళో తెలుగు చదువుకోవడానికి ఒక చోటు. ఇప్పటికీ సుల్తాన్ బజార్లో ఉంది.

అంటే బజారుకి జనం కొనడానికి మాత్రమే రాలేదు. చదవడానికి, మాట్లాడుకోవడానికి, నాలుగు మంచి చెడ్డలు తెలుసుకోవడానికి కూడా వచ్చారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది. 1933లో రెసిడెన్సీ బజార్లని తిరిగి నిజాంకి అప్పగించారు. అప్పటి నుంచి దాని పేరు సుల్తాన్ బజార్.

ఇంతకీ ఎవరీ అబిడ్?

ఇప్పుడు పేరు సంగతికి వద్దాం. "అబిడ్స్" అనే మాటలో చివర ఆ "స్" ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? అబిడ్ గారి దుకాణం అని ఇంగ్లీషులో అంటే వచ్చే "స్" అది. దుకాణం పోయింది, "స్" మిగిలింది.

ఆయన పేరు ఆల్బర్ట్ అబిడ్. ఆర్మీనియా మూలాలున్న మనిషి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఖాస్ నౌకరు. నిజాం బట్టలు, బూట్లు, నగలు, అన్నీ ఈయన చేతుల మీదుగానే. మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి వేసిన బట్టలు మళ్ళీ వేసేవాడు కాదని పేరు. పురానీ హవేలీ మ్యూజియంలో ఆయన బట్టల బీరువా ఇప్పటికీ చూడొచ్చు. బీరువా అనకూడదు దాన్ని, ఒక పెద్ద హాలు పొడవునా సాగిన చెక్క గది. అలాంటి యజమాని దగ్గర నమ్మకస్తుడిగా ఉన్నవాడికి డబ్బుకి లోటేముంటుంది? అబిడ్ ఒక దుకాణం తెరిచాడు. విదేశీ సామాన్లు, గడియారాలు, ఫ్యాన్సీ వస్తువులు. రాజుగారి దగ్గర నుంచి వచ్చిన వస్తువులనే దుకాణంలో పెట్టి మళ్ళీ రాజుగారికే అమ్మేవాడని హైదరాబాద్‌లో కథలు కథలుగా చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఊరు ఆయన్ని ఎలా చూసిందో ఆ కథల్లో తెలుస్తుంది.

జాకబ్ డైమండ్ పేరు విన్నారు కదా? అందులోనూ అబిడ్ ఉన్నాడు. 1891లో అలెగ్జాండర్ మాల్కమ్ జాకబ్ అనే నగల వ్యాపారి ఒక పెద్ద వజ్రాన్ని నిజాంకి అమ్మాలని వచ్చాడు. మధ్యలో మాట్లాడిపెట్టింది అబిడ్. బేరం చెడింది, కేసు కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది. జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు కానీ వ్యాపారం కుప్పకూలింది. వజ్రం మాత్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కి అది తండ్రి బూటులో దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడాడనీ చెప్తారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలని 218 కోట్ల రూపాయలకి కొన్నప్పుడు ఆ వజ్రం కూడా వాటిలోనే వచ్చింది.

సరే, వజ్రం కథ పక్కన పెడదాం. మనకి కావాల్సింది ఏంటంటే, ఒక దుకాణం ఎంత పేరు తెచ్చుకుందంటే చుట్టుపక్కల ఏరియా మొత్తానికి దాని పేరే నిలిచిపోయింది. దుకాణం మూతపడి ఎన్నో ఏళ్ళయినా మనం ఇంకా ఆటోవాలాకి "అన్నా, అబిడ్స్" అనే చెప్తున్నాం.

వరద తర్వాత కట్టిన ఊరు

1908 సెప్టెంబర్ 28. మూసీ పొంగింది. వేలమంది చనిపోయారు, ఇళ్ళు, వంతెనలు, బజార్లు కొట్టుకుపోయాయి. ఆ దెబ్బకి ఊరిని కొత్తగా ఆలోచించి కట్టాల్సి వచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన సలహాతోనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు గల్లీలు వెడల్పు చేయడం, మురికివాడల బదులు ఇళ్ళు కట్టడం, కొత్త బజార్లు కట్టడం, ఇవన్నీ ఆ బోర్డు పనులు.

చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ చూశారా? కింద రాతి కమాన్ల వరస, ఆ నీడలో దుకాణాలు, పైన గదులు. అది ఈ బోర్డు కట్టించిందే. తర్వాత 1930ల్లో, అంటే 1933 నుంచి 1935 మధ్యలో, మొజంజాహీ మార్కెట్ కట్టారు. బోర్డుకి ప్రెసిడెంట్‌గా ఉన్న మొజ్జం జా, ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు, ఆయన పేరే పెట్టారు. నల్ల రాయితో కట్టిన గుమ్మటాలు, మధ్యలో గడియారం స్తంభం, లోపల పండ్ల దుకాణాలు.

వీటిలో నాకు నచ్చేది ఒకటుంది. వీటిని కట్టినవాళ్ళు "ఎండలో మనిషి ఎలా నడుస్తాడు" అని ఆలోచించారు. కమాన్ కింద నీడ, కాస్త ఎత్తులో నడవ, ఎండ తగలకుండా, వాన పడకుండా ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి వెళ్ళొచ్చు. ఇప్పుడు మాల్‌లో ఏసీ పెట్టి చేస్తున్న పనిని వాళ్ళు రాయితో చేశారు.

మంచి రోజులు

స్వాతంత్ర్యం వచ్చాక, హైదరాబాద్ ఇండియాలో కలిశాక, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, ఈ ఏరియాకి ఇంకా ఊపు వచ్చింది. దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గరే కరాచీ బేకరీ పెట్టారు. మార్కెట్ లోపల పండ్లతో చేసే ఐస్‌క్రీమ్ దుకాణాలు పేరు తెచ్చుకున్నాయి. పండ్లు పక్కనే దొరుకుతాయి కాబట్టి ఐస్‌క్రీమ్ కూడా అక్కడే. బజారు అలాగే పెరుగుతుంది, ఒక దుకాణం ఇంకో దుకాణాన్ని పుట్టిస్తుంది.

సినిమా హాళ్ళు వచ్చాయి. ప్యాలెస్, జమ్రుద్, సంతోష్, సప్నా, ఎన్టీఆర్ గారి రామకృష్ణ 70 ఎంఎం. ఎన్టీఆర్ గారి ఇల్లు కూడా అబిడ్స్‌లోనే ఉండేది. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక జనం ఆ ఇంటి ముందు బారులు తీరేవాళ్ళు. పక్కన జీపీఓ, బ్యాంకులు, నాంపల్లి స్టేషన్. సినిమా చూడాలన్నా, మనీ ఆర్డర్ చేయాలన్నా, చీర కొనాలన్నా, టిఫిన్ తినాలన్నా అన్నీ ఒక్కచోటే. ఒక పని మీద వచ్చినవాడు ఇంకో మూడు పనులు చేసుకుని వెళ్ళేవాడు.

పాత బజార్లలో ఇంకో బలం ఉంది. మొబైల్స్ అంటే జగదీశ్ మార్కెట్, ఎలక్ట్రానిక్స్ అంటే గుజరాతీ గల్లీ, పుస్తకాలంటే కోఠి, హోల్‌సేల్ సామాన్లంటే బేగం బజార్. ఒకే సరుకు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. "అందరూ ఒకచోట పెడితే పోటీలో చచ్చిపోరా?" అనిపిస్తుంది. కానీ కొనేవాడికి అదే కావాలి. ఒకడి దగ్గర ధర నచ్చకపోతే పక్కవాడి దగ్గరకి వెళ్తాడు. ఇప్పుడు మీరు ఫోన్‌లో నాలుగు యాప్‌లు తెరిచి ధరలు చూసుకుంటున్నారు చూడండి, ఆ పనే అప్పట్లో కాళ్ళతో చేసేవాళ్ళు.

మరి ఎక్కడ దెబ్బ తింది?

చాలామంది వెంటనే "మాల్స్ వచ్చాయి, ఆన్‌లైన్ వచ్చింది, అందుకే" అంటారు. అది సగం నిజం. మిగతా సగం దానికంటే పాతది.

మొదటిది, బజారుని ముక్కలు చేశాం. 1980ల్లో మొజంజాహీ మార్కెట్ నుంచి హోల్‌సేల్ పండ్ల వ్యాపారాన్ని కొత్తపేటకి తరలించారు. రద్దీ తగ్గించాలని చేశారు, లారీలు ఊరి మధ్యలోకి రాకుండా ఉండాలంటే అది అవసరమే. కానీ పండ్ల కోసం వచ్చే జనం కూడా వెళ్ళిపోయారు. 2021లో కొత్తపేట నుంచి కూడా దాన్ని ఊరి బయట బాటసింగారానికి మార్చారు. ఊరు పెరిగే కొద్దీ మార్కెట్‌ని బయటికి తోస్తూనే ఉన్నాం.

రెండోది, ఊరు పడమటికి నడిచింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. ఉద్యోగాలు మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్ళాయి. ఉద్యోగం వెనక ఇల్లు, ఇంటి వెనక దుకాణం. మధ్యలో అమీర్‌పేట, కూకట్‌పల్లి, ఇటువైపు దిల్‌సుఖ్‌నగర్, ఎవరి ఏరియాలో వాళ్ళకి పెద్ద బట్టల షాపులు వచ్చేశాయి. 2009లో మాదాపూర్లో ఇనార్బిట్ మాల్ వచ్చింది. మాల్ అబిడ్స్ కస్టమర్‌ని లాక్కుందనడం కంటే, కస్టమర్ వెళ్ళిన చోటికి మాల్ వెళ్ళిందనడం కరెక్ట్.

మూడోది, బండి. కాలినడకకీ, రిక్షాకీ, బస్సుకీ పుట్టిన వీధుల్లోకి కార్లు, బైకులు వచ్చిపడ్డాయి. పార్కింగ్ లేదు. పత్తర్‌గట్టీ కట్టినప్పుడు నడిచేవాడి కోసం వదిలిన చోటు ఇప్పుడు బైకుల స్టాండ్.

నాలుగోది ఎవరూ పెద్దగా మాట్లాడనిది. పాత అద్దెలు. చాలా పాత బజార్లలో ఉండే పద్ధతి ఇది. తాతల కాలంలో పగ్డీ కట్టి దుకాణం తీసుకుంటారు, నెలవారీ అద్దె చాలా తక్కువ. వినడానికి బాగానే ఉంది. కానీ అద్దె రాని బిల్డింగ్‌కి ఓనర్ రిపేర్ చేయించడు. తనది కాని బిల్డింగ్ మీద కిరాయిదారు లక్షలు పెట్టడు. పైన సజ్జ కూలుతుంటుంది, ఇద్దరూ చూస్తూ ఉంటారు. పై అంతస్తుల్లో కాపురాలు ఖాళీ అయ్యి గోడౌన్లు అయ్యాయి. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించితే ఇక ఆ వీధిలో దీపం వెలగదు. మనుషులు కాపురం ఉండని వీధి పొద్దున మళ్ళీ సున్నా నుంచి మొదలవ్వాలి.

వీటన్నిటి మీద చివరి దెబ్బ సినిమా హాళ్ళు మూతపడటం, ఆ పైన ఆన్‌లైన్.

లేపడానికి ఏం చేశారు?

ఏమీ చేయలేదని అనను. మొజంజాహీ మార్కెట్‌ని 2018లో బాగుచేయడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి పేరుకున్న మసి, రంగులు తీసి రాయిని బయటికి తెచ్చారు. ఇష్టమొచ్చినట్టు తగిలించుకున్న షెడ్లు, బోర్డులు తీసేశారు. 2020 ఆగస్టు 14న మళ్ళీ తెరిచారు. రాత్రి లైట్లలో చూస్తే నిజంగా బాగుంటుంది. ముఖ్యంగా నాకు నచ్చింది ఏంటంటే, దాన్ని మ్యూజియం చేయలేదు. లోపల ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్ళు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

మెట్రో వచ్చింది. సుల్తాన్ బజార్ మీదుగా లైన్ వేస్తే దుకాణాలు పోతాయని వ్యాపారులు ఏళ్ళ తరబడి పోరాడారు. దారి మార్చాలా వద్దా అని చాలాకాలం చర్చ నడిచింది. చివరికి 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ లైన్ తెరిచారు, సుల్తాన్ బజార్ పేరుతో స్టేషన్ కూడా ఉంది. అంతకుముందే 2018లో నాంపల్లి, గాంధీ భవన్, ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్లు వచ్చాయి. అంటే ఇవాళ ఈ బజారు చుట్టూ నాలుగు మెట్రో స్టేషన్లు. అబిడ్స్ చరిత్రలో అక్కడికి చేరుకోవడం ఇంత సులభంగా ఎప్పుడూ లేదు. కానీ స్టేషన్ దిగాక ఆ చివరి అర కిలోమీటర్ నడవండి. ఫుట్‌పాత్ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. పదుల అడుగుల ఎత్తున కోట్లు పోసి మెట్రో తెచ్చి, కింద నాలుగు అడుగుల నడక దారి దగ్గర ఆగిపోయాం అనిపిస్తుంది.

2021 అక్టోబర్లో చార్మినార్ దగ్గర ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి జనానికి వదిలారు, "ఏక్ శామ్ చార్మినార్ కే నామ్" అని. జనం విరగబడి వచ్చారు. నడవడానికి చోటు ఇస్తే హైదరాబాద్ వాళ్ళు నడుస్తారని అది తేల్చి చెప్పింది.

ఇదే ప్రయోగం వేరే ఊళ్ళల్లో

బండ్లు ఆపేస్తే చాలు, బజారు లేచిపోతుందా? ఇక్కడ రెండు ఊళ్ళ కథ చెప్తాను.

మొదటిది అమెరికాలో కలమజూ అనే ఊరు. విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్ట్ ఉండేవాడు. 1956లో అమెరికాలో మొట్టమొదటి పూర్తిగా కప్పేసిన, ఏసీ ఉన్న మాల్ కట్టింది ఈయనే. ఊరి బయట మాల్ వచ్చింది, ఊరి మధ్యలో బజార్లు ఖాళీ అయ్యాయి. తమాషా ఏంటంటే, ఖాళీ అవుతున్న ఊరి మధ్యని కాపాడమని మళ్ళీ ఆయన్నే పిలిచారు. 1959లో కలమజూలో మెయిన్ వీధిని కార్లకి మూసేసి, చెట్లు, బెంచీలు పెట్టి నడక వీధి చేశారు. అది చూసి అమెరికాలో వందకి పైగా ఊళ్ళు అదే పని చేశాయి. ఏమైంది? చాలావరకు ఫెయిల్. కొన్నేళ్ళకి మళ్ళీ కార్లకి తెరిచేశారు. కలమజూలో కూడా 1998లో కొంత భాగం తెరిచారు. ఎందుకంటే ఆ వీధి చుట్టూ మనుషులు ఉండటమే మానేశారు. ఇళ్ళు శివార్లకి వెళ్ళిపోయాయి. బెంచీలు ఉన్నాయి, కూర్చునేవాళ్ళు లేరు.

రెండోది బ్రెజిల్‌లో కురిటీబా. 1972 మే నెల. జైమీ లెర్నర్ అనే కుర్ర మేయర్, ఆయన కూడా ఆర్కిటెక్టే. ఊరి మెయిన్ బజారు వీధిని కార్లకి మూసేద్దామన్నాడు. వ్యాపారులు ఒప్పుకోలేదు, గిరాకీ పోతుందన్నారు. కోర్టుకి వెళ్తే పని ఆగిపోతుందని ఆయనకి తెలుసు. అందుకే శుక్రవారం సాయంత్రం, కోర్టులు మూశాక పని మొదలుపెట్టాడు. రాత్రీ పగలూ చేసి సోమవారానికల్లా వీధిని తయారుచేశారు. రాళ్ళు పరిచారు, పూల మొక్కలు పెట్టారు, దీపాలు పెట్టారు. ఆ తర్వాత వ్యతిరేకించిన వ్యాపారులే "మా వైపు కూడా పొడిగించండి" అని అడిగారు. కారు ఓనర్లు వీధిలోకి బండ్లు నడుపుతామని బెదిరిస్తే, లెర్నర్ ఏం చేశాడో తెలుసా? రోడ్డు మీద పొడుగ్గా కాగితం పరిపించి, పిల్లలని కూర్చోబెట్టి బొమ్మలు వేయించాడు. పిల్లల మీదికి ఎవడు కారు తోలుతాడు?

వినడానికి భలే ఉంది కదా. కానీ ఒక మాట కూడా చెప్పాలి. అప్పుడు బ్రెజిల్‌లో సైనిక పాలన. లెర్నర్ జనం ఓటుతో గెలిచిన మేయర్ కాదు, నియమించినవాడు. కోర్టు మూసేదాకా ఆగి పని చేయడం మనకి ఆదర్శం కాకూడదు. అక్కడి నుంచి తీసుకోవాల్సింది వేరే ఉంది. ఆ వీధి చుట్టూ జనం ఉన్నారు, బస్సులు ఆ వీధి దాకా వచ్చేలా పక్కనే ప్లాన్ చేశారు, దుకాణాలని ఖాళీ చేయించలేదు. కలమజూలో వీధి బాగుపడింది, జనం పోయారు. కురిటీబాలో జనం ఉన్నచోటే వీధిని బాగుచేశారు. తేడా అదీ.

మూసిన షట్టర్ల ముందు

ఇప్పుడు మళ్ళీ అబిడ్స్‌కి వద్దాం. అక్కడ బజారు చచ్చిపోయింది అనేవాళ్ళకి నేను ఒక్కటే చెప్తాను. ఆదివారం పొద్దున వెళ్ళండి.

ఆదివారం పెద్ద దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు తెరుచుకుంటుంది. ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద ఇంగ్లీష్ నవలలు, తెలుగు వారపత్రికల పాత సంచికలు, ఇంజనీరింగ్ గైడ్లు, పిల్లల బొమ్మల పుస్తకాలు, ఉర్దూ షాయరీ. నేను గంటల తరబడి తిరిగాను అక్కడ. గేటు లేదు, సెక్యూరిటీ గార్డు లేడు, "ఏం కావాలి సార్" అని వెంటపడేవాడు లేడు. చేతిలో యాభై రూపాయలున్న స్టూడెంటూ, కారు దిగి వచ్చిన డాక్టరూ పక్కపక్కన గొంతుక్కూర్చుని ఒకే కుప్పలో వెతుక్కుంటారు.

ఇది ఏ ప్రభుత్వ స్కీమూ కాదు. ఎవరూ డిజైన్ చేయలేదు. చోటు ఖాళీగా ఉంది, కొనేవాడు ఉన్నాడు, అమ్మేవాడు వచ్చాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, 1901లో లైబ్రరీ పెట్టింది ఈ బజార్లోనే అని. నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా జనం ఇక్కడికి చదువు కోసమే వస్తున్నారు. ఆదివారం అబిడ్స్ నడిరోడ్డు మీద బతికున్నది అదే.

నా భయం కూడా ఇక్కడే ఉంది. మన దగ్గర "బ్యూటిఫికేషన్" అనగానే ముందు తీసేసేది ఎవరిని? తోపుడు బండి వాళ్ళని, ఫుట్‌పాత్ మీద కూర్చున్నవాళ్ళని. వాళ్ళు అందానికి అడ్డం అనుకుంటాం. కానీ వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. దాని ప్రకారం ముందు సర్వే చేయాలి, సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. అంటే వాళ్ళకి జాగా ఇవ్వడం దయ కాదు, హక్కు. మీకు తెలిసిన బండి అన్నకి, పూలమ్మే అక్కకి ఈ విషయం చెప్పండి, చాలామందికి తెలియదు.

మరి నేనైతే ఏం చేయాలంటాను? నాలుగు మాటల్లో చెప్తాను. ఒకటి, మెట్రో స్టేషన్ నుంచి బజారు దాకా నీడ ఉన్న, తెగిపోని నడక దారి. అబిడ్స్ మొత్తాన్ని ఒకేసారి మూసేయక్కర్లేదు, ఈ అర కిలోమీటర్ ముందు బాగుచేయండి. రెండు, పాత బిల్డింగ్‌ల విషయంలో ఓనర్, కిరాయిదారు ఇద్దరూ ఒప్పుకునే పద్ధతి. అద్దె కొంచెం పెరగాలి, ఆ డబ్బు రిపేర్‌కే పోవాలి, పాత కిరాయిదారుని బయటికి తోయకూడదు. మూడు, పై అంతస్తుల్లో మళ్ళీ మనుషులు. గోడౌన్ల బదులు హాస్టళ్ళు, చిన్న ఆఫీసులు, కాపురాలు. నాలుగు, ఆదివారం పుస్తకాల బజారుని అది ఉన్నచోటే, ఉన్నట్టే అధికారికంగా గుర్తించడం. దానికి ఒక నీళ్ళ ట్యాంకు, ఒక టాయిలెట్ కట్టండి, చాలు.

వీటిలో ఒక్కదానికి కూడా గుమ్మటాలు కట్టక్కర్లేదు. అందుకేనేమో ఇవి జరగవు. రిబ్బన్ కట్ చేయడానికి ఫుట్‌పాత్ బాగుండదు కదా.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. బజారు అంటే బిల్డింగ్ కాదు, గిరాకీ. గిరాకీ అంటే డబ్బు మాత్రమే కాదు, మనిషి ఇంకో మనిషిని వెతుక్కుంటూ రావడం. రాయిని శుభ్రం చేయడానికి రెండేళ్ళు చాలు, మొజంజాహీ మార్కెట్ చూపించింది. ఆ రాయి కింద నిలబడి బేరం చేసుకునే పిల్ల, ఆమెకి అమ్మే పెద్దాయన, ఇద్దరూ అక్కడే ఉండేలా చూసుకోవడం కష్టం. అసలు పని అదే.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి బజారు ఒకటి ఉండే ఉంటుంది. విజయవాడ వన్‌టౌన్ కావచ్చు, వరంగల్ చౌరస్తా కావచ్చు. దానికి ఆ పేరు ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి మాకు రాయండి, మంచి కథ దొరికితే దాని మీద ఒక ఎపిసోడ్ చేద్దాం.